ఆ రోజు ‘హ్యాపీ’ అనకూడదు!

యూదుల పండగలకి శుభాకాంక్షలు చెప్పడం అంత తేలికేం కాదు. ఒక రోజుకి పనికొచ్చే మాట ఇంకో రోజుకి పనికిరాదు. కొన్ని రోజుల్లో అసలు మాటే పనికిరాదు. పదకొండేళ్ళు ఇజ్రాయెల్‌లో ఉండి ఆ తేడా నేర్చుకున్న రామచంద్రపురం వదినగారి కబుర్లివి...

2025 సెప్టెంబరు 22. దసరా నవరాత్రుల్లో మొదటి రోజు. మా వీధి చివర పందిట్లో మైకు అప్పటికే గొంతు సవరించుకుంటోంది. ప్రసాదం ఇద్దామని ఎదురింటికి వెళ్తే, వదినగారు దేవుడి గదిలో ఒత్తి సర్దుతూ మాటిమాటికీ గడియారం వంక చూస్తున్నారు.

‘‘కూర్చోండి, ఒక్క ఫోను చేసుకొచ్చేస్తాను. తొమ్మిదిలోపు చేసెయ్యాలి. తరవాత ఎత్తరండి’’ అన్నారు.

ఎవరెత్తరో, ఎందుకెత్తరో నేను అడిగేలోపే లైను కలిసింది. ‘‘షనా తోవా!’’ అన్నారు వదినగారు గట్టిగా. అవతల ఎవరో ఆడమనిషి నవ్వుతూ గబగబా ఏదో అంది. ఈవిడా అదే భాషలో గబగబా అందుకుంది. నుదుట కుంకుమ, వెనకాల కలశం, నోట్లో హీబ్రూ. చూడ్డానికి భలే చిత్రంగా ఉంది!

కోనసీమ నుంచి, గోదావరి రెండు వైపుల నుంచీ ఆడవాళ్ళు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళడం మనకి కొత్త కాదు. వాళ్ళలో కొందరు ఇజ్రాయెల్ దారి పట్టారు. అక్కడ వయసు మళ్ళినవాళ్ళని ఇంట్లోనే ఉండి చూసుకునే పని. ఫిలిప్పీన్స్, నేపాల్, శ్రీలంక, మన కేరళ వాళ్ళతోపాటు తెలుగువాళ్ళూ ఈ పనిలో ఉన్నారు. వదినగారు 2008లో వెళ్ళారు. టెల్ అవీవ్ దగ్గర ఒక ఊళ్ళో డెబ్బై దాటిన ఒక పెద్దావిడకి తోడు. ఆవిణ్ని ఈవిడ ‘సవ్తా’ అని పిలిచేవారు. హీబ్రూలో ఆ మాటకి అమ్మమ్మ అనీ, నాయనమ్మ అనీ కూడా అర్థం. ఇప్పుడు ఫోన్లో మాట్లాడింది ఆ సవ్తా కూతురు.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే...

వెళ్ళిన ఏడే అక్టోబరు 9న దసరా. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసి పిల్లలకి పండగ శుభాకాంక్షలు చెప్పి, కళ్ళు తుడుచుకుని హాల్లోకొచ్చారట వదినగారు. ఆ రోజు యోమ్ కిప్పుర్ అని, వాళ్ళకి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రోజని అంతకుముందే ఎవరో చెప్పారు. పెద్ద రోజంటే పెద్ద పండగే కదా! తెల్లబట్టలు కట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ దగ్గరకెళ్ళి, నవ్వు మొహంతో ‘‘హ్యాపీ యోమ్ కిప్పుర్ సవ్తా’’ అనేశారు.

‘‘తిట్టినా బావుండేదండి. తల ఊపి కిటికీ వైపు తిరిగిపోయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు’’ అని ఇప్పటికీ అంటారు.

యోమ్ కిప్పుర్ అంటే ప్రాయశ్చిత్త దినం. ముందు రోజు సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటి పడేదాకా, దాదాపు పాతిక గంటలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. ఏడాది పొడుగునా చేసిన తప్పులు తలచుకుని దేవుణ్ని క్షమించమని అడిగే రోజు. ఇజ్రాయెల్‌లో ఆ రోజు బస్సులు తిరగవు, కొట్లు తెరవరు, విమానాలు ఎగరవు. కార్లు లేని పెద్ద రోడ్ల మీద పిల్లలు మాత్రం సైకిళ్ళు తొక్కుకుంటూ పోతారు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంటుందట.

అదొక్కటే అయితే అంత బాధ లేకపోను. 1973లో అక్టోబరు 6న సరిగ్గా యోమ్ కిప్పుర్ నాడే ఈజిప్టు, సిరియా సైన్యాలు విరుచుకుపడ్డాయి. ఆ యుద్ధానికే యోమ్ కిప్పుర్ యుద్ధమని పేరు. సవ్తా తమ్ముడు అందులోనే పోయాడు. ఆ సంగతి వదినగారికి రాత్రి ఉపవాసం విడిచాక కూతురు చెప్పింది. కోపంగా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. ‘‘నీ తప్పు కాదు, కానీ ఈ రోజుకి హ్యాపీ అనరు’’ అని.

మరేమనాలి? ‘గ్మార్ హతిమా తోవా’ అనాలి. ‘చివరి ముద్ర మంచిగా పడుగాక’ అని దానర్థం. యూదుల నమ్మకం ప్రకారం కొత్త సంవత్సరం రోజున దేవుడు పుస్తకం తెరిచి, రాబోయే ఏడాదికి ఎవరి రాత ఏమిటో రాస్తాడు. పదో రోజున, అంటే యోమ్ కిప్పుర్ నాడు, దాని మీద సీలు వేసేస్తాడు. మన చిత్రగుప్తుడి చిట్టా లాంటిదే. కాకపోతే మనవాడు ఆఖర్న ఒక్కసారే లెక్క తీస్తాడు, అక్కడ ఏటా ఆడిటింగు! ఉపవాసం ఉంటున్నవాళ్ళతో ‘త్సోమ్ కల్’ అని కూడా అనొచ్చు. ఉపవాసం తేలిగ్గా గడవాలి అని.

మన ఫ్లెక్సీల సంగతేంటి?

ఇదంతా విని నవ్వుకోనక్కర్లేదు. మనమూ తక్కువ తినలేదు. ‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అని మెసేజీలు పంపేవాళ్ళు మన ఫోన్లలోనే ఉన్నారు. యేసుక్రీస్తుని సిలువ వేసిన రోజుకి హ్యాపీ ఏమిటి? పీర్ల పండగ అనే పేరు చూసి మొహర్రానికి శుభాకాంక్షలంటూ సెంటర్లో ఫ్లెక్సీ కట్టేస్తారు. అది కర్బలాలో ఇమామ్ హుసేన్ ప్రాణాలర్పించిన రోజుల్ని తలచుకునే నెల. మహాలయ అమావాస్య నాడు తర్పణాలు వదిలి గోదారి గట్టెక్కుతున్న మనిషికి ఎదురెళ్ళి ‘హ్యాపీ అమావాస్య అండి’ అంటే ఎలా ఉంటుంది? అదీ అంతే.

చిత్రమేమిటంటే వాళ్ళ తిథులు మనకి బాగా దగ్గర. వాళ్ళవీ చాంద్రమాన మాసాలే. ఋతువులతో లెక్క తప్పకుండా పంతొమ్మిదేళ్ళకి ఏడు అధికమాసాలు కలుపుతారు. మన పంచాంగంలోనూ ఇంచుమించు అదే లెక్క. కొత్త సంవత్సరం రోష్ హషనా అమావాస్య దాటగానే వస్తుంది, యోమ్ కిప్పుర్ ఆ నెలలో పదో రోజు. అందుకే చాలా ఏళ్ళలో మన ఆశ్వయుజ పాడ్యమికి వాళ్ళ కొత్త సంవత్సరం, దశమికి వాళ్ళ ఉపవాసం కలిసొస్తాయి. 2008లో కలిశాయి, 2025లోనూ కలిశాయి. అధికమాసాలు అటూ ఇటూ ఒకేసారి రావు కాబట్టి ఒక్కోసారి నెల తేడా పడుతుంది. 2026లో చూడండి, రోష్ హషనా సెప్టెంబరు 11 సాయంత్రమే మొదలు, అంటే వినాయక చవితికి మూడు రోజుల ముందే. వాళ్ళ పూరీమ్ పండగ చాలాసార్లు మన హోళీ పున్నమి దగ్గరే పడుతుంది. వేషాలు, అల్లరి, తాగడం, తినడం కూడా అలాగే!

ఒక్క తేడా ఉంది. మనకి రోజు పొద్దున్న మొదలైతే వాళ్ళకి సూర్యాస్తమయంతో మొదలు. నిష్ఠగా ఉండేవాళ్ళు శనివారం విశ్రాంతి దినానా, పెద్ద పండగ రోజునా ఫోను ముట్టుకోరు. మన దగ్గర రాత్రి తొమ్మిదయ్యేసరికి సెప్టెంబరులో అక్కడ పొద్దుగూకుతుంది. వదినగారి తొందర అందుకే.

గొంతులో పులస ముల్లు

‘షనా తోవా’ అంటే మంచి సంవత్సరం. ‘షనా తోవా ఉమెతుకా’ అంటే మంచి, తియ్యని సంవత్సరం. ఆ రోజు ఆపిల్ ముక్క తేనెలో ముంచుకుని తింటారు కాబట్టి తియ్యదనం మాటలోకీ వచ్చింది. మన ఉగాది పచ్చడిలో చేదు కూడా ఉంటుందని వదినగారు చెబితే ‘‘మీరు మాకంటే నిజాయితీపరులు’’ అందట సవ్తా.

సంతోషంగా చేసుకునే పండగలు చాలావాటికి పనికొచ్చే మాట ‘హగ్ సమేయఖ్’. పండగ ఆనందంగా జరగాలని. ఇందులో ‘హ’, ‘ఖ’ రెండూ మన అక్షరాలు కావు. గొంతులో పులస ముల్లు ఇరుక్కుంటే దాన్ని బయటికి లాగడానికి చేసే శబ్దం ఉంటుంది చూడండి, అదీ ఆ అక్షరం. గోదావరి జిల్లాల వాళ్ళకి ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. ఎవరైనా మనకి చెబితే ‘తొదా’ (థాంక్స్) అని, మగవాళ్ళతో ‘గమ్ లెఖా’, ఆడవాళ్ళతో ‘గమ్ లఖ్’ అంటే సరి, ‘మీకూను’ అని.

తాటాకు పందిరి లాంటి గుడిసె వేసుకుని వారం రోజులు అందులో భోంచేసే సుక్కోత్‌కి హగ్ సమేయఖ్. బైబిలు చదివేవాళ్ళకి ఇది పర్ణశాలల పండగగా తెలుసు. అయితే మొదటి రోజు దాటాక, మధ్య రోజుల్లో ‘మొఅదీమ్ లె సిమ్హా’ అనడం అక్కడి మర్యాద. ఎనిమిది రోజులు దీపాలు పెట్టే హనుక్కాకి ‘హనుక్కా సమేయఖ్’. పూరీమ్‌కి ‘పూరీమ్ సమేయఖ్’. ప్రతి శుక్రవారం పొద్దుపోయే ముందు ‘షబ్బాత్ షలోమ్’, శనివారం రాత్రి చీకటి పడ్డాక ‘షవూఆ తోవ్’, మంచి వారం. ఇవన్నీ నోరు తిరగకపోతే మీ భాషలోనే చెప్పినా సంతోషిస్తారు. ఆ రోజు ఎలాంటి రోజో తెలుసుకుని చెబితే చాలు. ఇంకోటి, నిష్ఠాపరులైన యూదుల్లో మగవాళ్ళు పరాయి ఆడవాళ్ళకి, ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళకి చెయ్యి కలపరు. అక్కడ మన నమస్కారం భేషుగ్గా పనికొస్తుంది.

తాపేశ్వరం కాజా కథ

పస్కా పండగ శుభాకాంక్షల్లో మాత్రం ఒక మెలిక ఉంది. ‘హగ్ కషేర్ వె సమేయఖ్’ అంటారు. పండగ ఆనందంగానే కాదు, ‘కషేర్’గా, అంటే మడీ నియమం తప్పకుండా కూడా జరగాలని. ఆ కషేర్ ఎందుకో వదినగారికి 2010లో తెలిసింది. ఊరి నుంచి వచ్చిన ఒకావిడ తాపేశ్వరం మడతకాజా పెట్టె తెచ్చింది. పండగ కదా అని పళ్ళెంలో పేర్చి, ‘హగ్ సమేయఖ్’ అంటూ నేరుగా హాల్లోకి పట్టుకెళ్ళారు. కూతురు గబుక్కున లేచొచ్చి, నవ్వాపుకుంటూ, పళ్ళెంతో సహా ఈవిణ్ని గుమ్మం బయటికి నడిపించింది!

ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడే తొందరలో పిండి పులిసేదాకా ఆగలేకపోయారని, దానికి గుర్తుగా పస్కాలో పులియని రొట్టెలే తింటారు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాలతో చేసి పులిసే అవకాశం ఉన్న పదార్థమేదైనా తినడమే కాదు, ఇంట్లో ఉంచుకోవడమే నిషిద్ధం. పండగకి ముందు బీరువాల మూలలు కూడా దులుపుతారు. మైదాతో చేసే కాజా అలాంటి ఇంట్లోకి వెళ్ళిందంటే, మన మడి వంటింట్లోకి చెప్పులతో వెళ్ళినట్టే. పోనీ ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళితే? అవి బియ్యంతో చేసేవి. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదుల్లో నియమం పాటించేవాళ్ళు పస్కాలో బియ్యమూ ముట్టరు. అరబ్బు దేశాల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది తింటారు. ఎవరింటికి వెళ్తున్నామో తెలియకపోతే పూలు పట్టుకెళ్ళడం మేలు. ఆ కాజాలు పార్కు బెంచీ మీద ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఖాళీ చేశారట.

షలోమ్... చేబ్రోలు దగ్గర

ఈ పలకరింపులు వినడానికి విమానం ఎక్కాల్సిన పని కూడా లేదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ ‘బెనె ఎఫ్రాయిమ్’ అనే చిన్న సమాజం తెలుగులో బతుకుతూ హీబ్రూలో ప్రార్థన చేస్తుంది. దళిత కుటుంబాల నుంచి వచ్చిన వీళ్ళు తాము ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిమ్ గోత్రానికి చెందినవాళ్ళమని చెబుతారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ గురించి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. గోత్రం సంగతి చరిత్రకారులు తేలుస్తారు. శనివారం నాడు ఆ వీధిలో ‘షబ్బాత్ షలోమ్’ అంటే మాత్రం బదులు ‘షబ్బాత్ షలోమ్’ అనే వస్తుంది, మాట తీరు అచ్చం గుంటూరుదే అయినా.

మాట్లాడకూడని రోజులు

అన్నిటికంటే కష్టమైనవి ఇవే. యెరూషలేములోని మొదటి ఆలయాన్ని బబులోను వాళ్ళు, రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. రెండూ అవ్ నెల తొమ్మిదో రోజునే కూలాయని వాళ్ళు తలచుకుంటారు. వేసవిలో వచ్చే ఆ ‘తిషా బె అవ్’ నాడు ఉపవాసం ఉండి నేల మీదో పొట్టి పీట మీదో కూర్చుంటారు. సంప్రదాయం పాటించేవాళ్ళు ఒకరినొకరు ‘షలోమ్’ అని కూడా పలకరించుకోరు. తెలియక మనం పలకరిస్తే మెల్లగా, ముక్తసరిగా బదులిస్తారు. దాన్ని పొగరనుకోకూడదు.

వసంతకాలంలో వచ్చే సైనికుల స్మారక దినమూ అలాంటిదే. రాత్రి ఎనిమిదికోసారి, మర్నాడు పదకొండుకోసారి దేశమంతా సైరను మోగుతుంది. కార్లు ఆపి రోడ్డు మీదకి దిగి నిలబడిపోతారు. సవ్తా వాకరు పట్టుకుని లేచి నిలబడేది. కాళ్ళు వణికినా కూర్చునేది కాదు. పక్కన వదినగారూ నిలబడేవారు, ఏమీ అనకుండా. అదే రోజు పొద్దుగూకగానే స్వాతంత్ర్య దినోత్సవం మొదలై బాణసంచా కాలుస్తారు, మళ్ళీ హగ్ సమేయఖ్‌లు! ఏడుపు, పండగ ఒకే గుమ్మంలో ఎదురెదురు పడితే ఏ మాట ఎప్పుడు మార్చాలో బయటివాళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు.

2023 అక్టోబరు 7 కూడా పండగ రోజే. సుక్కోత్ చివర్న వచ్చే సిమ్హత్ తోరా. ఆ పొద్దున్న హమాస్ చేసిన దాడి, తర్వాత గాజాలో పదుల వేలమంది ప్రాణాలు తీసిన యుద్ధం... వదినగారి ఫోన్ సంభాషణల్లో మాటలు మారిపోయాయి. ఆనందం అనే మాట నోట రాక ‘బెసోరోత్ తోవోత్’ అనుకునేవారట. మంచి కబురు వినాలి అని. యుద్ధకాలంలో అక్కడ చాలామంది వాడిన మాట అది.

సవ్తా అడిగిన మాట

మొదటి ఏడు జరిగింది చెప్పాను. రెండో ఏడు యోమ్ కిప్పుర్‌కి ముందు రోజు సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం మందులు వేస్తుంటే సవ్తా చెయ్యి పట్టుకుని ఆపి, ‘‘ఈ ఏడాదిలో నిన్ను ఎప్పుడైనా నొప్పించి ఉంటే నన్ను క్షమించు’’ అందట. వదినగారికి ఏమనాలో తోచలేదు. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి, జీతమిచ్చే మనిషి, పనిమనిషిని క్షమాపణ అడగడమేమిటని.

అది వాళ్ళ ధర్మం. దేవుడి పట్ల చేసిన తప్పుని దేవుడు క్షమిస్తాడు గాని, మనిషి పట్ల చేసినదాన్ని ఆ మనిషే క్షమించాలి. కాబట్టి ఉపవాసానికి ముందే వెళ్ళి అడగాలి. నాకు తెలిసి ఇంత కష్టమైన పండగ పలకరింపు ఇంకోటి లేదు. ‘‘నేనూ అడిగానండి. నిరుడు హ్యాపీ అన్నందుకు’’ అన్నారు వదినగారు. ఆ తర్వాత ఏటా ఇద్దరూ ఒకరినొకరు అడుక్కునేవారట. అడిగాక సవ్తా ‘అద్ మెఆ వె ఎస్రీమ్’ అని దీవించేది. నూటఇరవై ఏళ్ళు బతకమని. మనం నూరేళ్ళతో సరిపెడతాం, వాళ్ళు ఇంకో ఇరవై కలుపుతారు.

సవ్తా నూటఇరవై దాకా ఉండలేదు. 2019లో పోయింది. కుటుంబం ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంది. ‘షివా’ అంటారు దాన్ని. తలుపు తీసే ఉంచుతారు. వచ్చినవాళ్ళు పలకరించరు. దుఃఖంలో ఉన్నవాళ్ళు ముందు నోరు విప్పేదాకా ఊరికే కూర్చుంటారు. వెళ్ళేటప్పుడు మాత్రం, సీయోను కోసం, యెరూషలేము కోసం దుఃఖించేవాళ్ళందరితో పాటు మిమ్మల్నీ దేవుడు ఓదార్చుగాక అని ఒక మాట చెప్పి లేస్తారు. వదినగారు ఏడు రోజులూ టీ కాచి అందించారు. ఎనిమిదో రోజు సూట్‌కేసు సర్దుకుంటుంటే కూతురు వచ్చి, అందరూ తనకి చెప్పిన ఆ ఓదార్పు మాటనే వదినగారికి చెప్పింది.

ఇదంతా వినేసరికి పందిట్లో హారతి అయిపోయింది. దశమి నాటికి వదినగారికి మళ్ళీ ఫోన్ చెయ్యాల్సిన పనుంది. ఈసారి అక్టోబరు 1న, వాళ్ళ ఉపవాసం మొదలయ్యేలోపు.

‘‘ఏం చెబుతారు?’’ అన్నాను.

‘‘ముందు క్షమించమంటాను. తరవాత గ్మార్ హతిమా తోవా. హ్యాపీ మీకు చెబుతాను లెండి, దసరాకి’’ అంటూ కాలెండరు మీద ఆ తారీఖు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీసుకున్నారు.